‘ఇరవై ఏళ్ల అనుభవం’లో ఏముంటుంది? ఆర్థిక నేరాల ప్రాసిక్యూటర్ ఎలా తయారవుతారు

క్లుప్తంగా: ఆర్థిక నేరాల కేసులు వాదించే ప్రాసిక్యూటర్ అర్హతను మన చట్టాలు ప్రాక్టీసు చేసిన ఏళ్లతో కొలుస్తాయి. కానీ ఈ కేసులు నిలబడతాయా, కూలిపోతాయా అన్నది చాలావరకు చార్జిషీటుకు ముందే తేలిపోతుంది. ఆ దశలో ప్రాసిక్యూటర్‌కు చోటుందా లేదా అన్నది ఒక్కో దేశంలో ఒక్కో తీరు. భారత్, దక్షిణాఫ్రికా, బ్రిటన్‌ల పద్ధతులను పక్కపక్కన పెట్టి చూస్తే, అనుభవం ఎక్కడ పోగవుతుందో, ఎక్కడ వృథా అవుతుందో అర్థమవుతుంది.

పెద్ద ఆర్థిక కుంభకోణం కోర్టు మెట్లెక్కినప్పుడల్లా పత్రికల్లో ఒక చిన్న వార్త కనిపిస్తుంది. ఫలానా కేసుకు ప్రభుత్వం స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను నియమించింది, ఆయనకు ఇరవై ఏళ్ల అనుభవం ఉంది అని. కొన్నేళ్లకు అదే కేసులో నిందితులంతా నిర్దోషులుగా బయటికొచ్చారని ఇంకో వార్త వస్తుంది. మధ్యలో ఏం జరిగిందో చదివేవాళ్లకు తెలియదు. తప్పు పోలీసులదా, ప్రాసిక్యూటర్‌దా, అసలు నేరమే జరగలేదా అన్న సందేహం మిగిలిపోతుంది. దీనికి జవాబు కావాలంటే ముందు ఆ ‘అనుభవం’ అన్న మాటను విప్పి చూడాలి.

చట్టం లెక్కపెట్టేది ఏళ్లనే

క్రిమినల్ కేసుల విధివిధానాలు చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 2024 జులై 1న అమల్లోకి వచ్చింది. అందులోని 18వ సెక్షన్ ప్రకారం పబ్లిక్ ప్రాసిక్యూటర్ కావాలంటే అడ్వొకేటుగా కనీసం 7 ఏళ్ల ప్రాక్టీసు ఉండాలి. స్పెషల్ పీపీకి 10 ఏళ్లు. దీనికి ముందున్న పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 24వ సెక్షన్‌లోనూ ఇవే అంకెలు. రాష్ట్ర ప్రాసిక్యూషన్ డైరెక్టర్‌కు మాత్రం పాత చట్టంలో 10 ఏళ్లు చాలేవి, కొత్తదాంట్లో 15కు పెంచారు. సెషన్స్ జడ్జిగా చేసినవాళ్లకూ ఆ పదవికి అర్హత ఇచ్చారు. మనీలాండరింగ్ నిరోధక చట్టం 46వ సెక్షన్‌లో 7 ఏళ్ల ప్రాక్టీసుతో పాటు ‘న్యాయశాస్త్రంలో ప్రత్యేక పరిజ్ఞానం’ అన్న మాట ఉంది. ఆ పరిజ్ఞానం ఏమిటో, దాన్ని ఎవరు ఎలా తూస్తారో అందులో లేదు.

కింది స్థాయిలో ప్రవేశం అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా. తెలుగు రాష్ట్రాల్లో ఏపీపీలను పోలీసు నియామక మండళ్లు రాతపరీక్ష పెట్టి ఎంపిక చేస్తాయి. ప్రాసిక్యూషన్ పోలీసుల నీడలో ఉండకూడదని 1973లో చట్టం రాసుకున్న దేశంలో ప్రాసిక్యూటర్లను పోలీసు బోర్డు ఎంపిక చేయడం ఒక విచిత్రం. సీబీఐలో పనిచేసే ప్రాసిక్యూటర్లు యూపీఎస్సీ ద్వారానో, డిప్యుటేషన్ మీదో వస్తారు. పెద్ద కేసులకు బయటి నుంచి సీనియర్ అడ్వొకేట్లను స్పెషల్ పీపీలుగా తెచ్చుకునే ఆనవాయితీ అన్ని సంస్థల్లోనూ ఉంది.

ఇక్కడొక చిక్కుంది. 10 ఏళ్ల ప్రాక్టీసులో కొట్లాటలు, హత్యలు, దొంగతనాలే వాదించిన లాయరూ, బ్యాంకు మోసాలే చూసిన లాయరూ చట్టం దృష్టిలో సమానం. అకౌంటింగ్ తెలిసి ఉండాలని సంహిత ఎక్కడా అడగదు. ఆస్తి అప్పుల పట్టీ చదవడం రానివాళ్లు కూడా వేల కోట్ల కేసులో ప్రభుత్వం తరఫున నిలబడవచ్చు.

హత్య కేసులో అడిగే ప్రశ్న ఇక్కడ పనికిరాదు

హత్య కేసులో శవం ఉంటుంది. నేరం జరిగిందనడంలో సాధారణంగా గొడవ ఉండదు, ఎవరు చేశారన్నదే ప్రశ్న. ఆర్థిక నేరంలో తిరగబడి ఉంటుంది. సంతకం ఎవరిదో తెలుసు, డబ్బు ఏ ఖాతాలోకి వెళ్లిందో తెలుసు. దాన్ని నేరం అనాలా, నష్టపోయిన వ్యాపారం అనాలా అన్నదగ్గరే వాదం మొదలవుతుంది.

‘మోసం’ అన్న నేరానికి పాత ఐపీసీలో 420, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 318(4). అప్పు తీసుకుని కట్టలేకపోతే అది మోసం కాదు. తీసుకునే రోజునే ఎగ్గొట్టే ఉద్దేశం ఉంటే మోసం. ఈ గీతను సుప్రీంకోర్టు 2000లో హృదయరంజన్ ప్రసాద్ వర్మ కేసులో స్పష్టంగా గీసింది. ఆ తర్వాత దాన్ని ఎన్నిసార్లు గుర్తుచేసిందో లెక్కలేదు. కాబట్టి ప్రాసిక్యూటర్ నిరూపించాల్సింది ఫలానా తేదీన ఫలానా మనిషి మనసులో ఏముందన్నది. మనసుకు ఎగ్జిబిట్ నంబరు వేయలేం. అప్పు అడిగిన వారంలోనే పుట్టిన డొల్ల కంపెనీ, స్టాకు విలువ పెంచి రాసిన స్టేట్‌మెంటు, డబ్బు చేతికొచ్చిన సాయంత్రమే అది మూడు ఖాతాలు దాటిన దారి, ఇలాంటి వాటిని వరుసలో పేర్చి జడ్జికి ఆ మనసును చూపించాలి.

ఏ సెక్షన్ పెట్టాలన్నది ఇంకో పీటముడి. చాలా ఎఫ్ఐఆర్‌లలో మోసం, నమ్మకద్రోహం రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకే సంఘటనకు ఈ రెండూ కుదరవని ఢిల్లీ రేస్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో కుండబద్దలు కొట్టింది. మోసంలో మొదటినుంచే దురుద్దేశం ఉండాలి. నమ్మకద్రోహంలో ఆస్తి సక్రమంగానే చేతికొస్తుంది, బుద్ధి తర్వాత మారుతుంది. రెండూ రాసి పడేస్తే ఏదో ఒకటి నిలుస్తుందిలే అన్న అలవాటు డిఫెన్సు లాయర్‌కు మొదటిరోజే ఒక ఆయుధం ఇస్తుంది. విచారణ మొదలవకముందే కేసు కొట్టేయమని వేసే డిశ్చార్జ్ పిటిషన్లో ఆయన మొదటి పేరా అదే అవుతుంది.

ఒక ఎఫ్‌డీ రసీదును రుజువు చేయడం ఎలా?

సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ బి. రామలింగరాజు 2009 జనవరి 7న కంపెనీ బోర్డుకు ఒక లేఖ రాశారు. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని అందులో ఉంది. ఆ లేఖ చదివినవాళ్లకు కేసు అక్కడితో అయిపోయిందనిపించింది. నిజానికి అప్పుడే మొదలైంది. కోర్టు బయట రాసిన ఒప్పుకోలు బలహీనమైన సాక్ష్యం, దాని ఒక్కదాని మీదే శిక్షను నిలబెట్టడం కష్టం. పైగా తెలియాల్సింది ఆ ఒక్క మనిషి సంగతే కాదు. ఆడిటర్లు, ఫైనాన్స్ విభాగం వాళ్లు, అంతర్గత ఆడిట్ చూసినవాళ్లు, ఎవరి పాత్ర ఎంతో విడివిడిగా తేల్చాలి.

లేని డబ్బును లేదని నిరూపించడం వినడానికి తేలిక. ఆచరణలో అది ఎలా సాగుతుందో ఒక్క ఎఫ్‌డీ రసీదును పట్టుకుని చూడవచ్చు. కంపెనీ ఫైల్లో రసీదు ఉంది, బ్యాంకు పేరుంది, సంతకం ఉంది. ప్రాసిక్యూటర్ ముందుగా ఆ శాఖ మేనేజర్‌ను బోనెక్కించాలి. “ఈ నంబరు మీ శాఖ ఇచ్చే వరుసలో ఉందా? ఆ తేదీన ఆ కంపెనీ పేరిట డిపాజిట్ ఏదైనా తెరిచారా? మీ పుస్తకాల్లో ఆ ఎంట్రీ చూపించండి.” పుస్తకాల నకలు కోర్టులో చెల్లాలంటే 1891 నాటి బ్యాంకర్ల పుస్తకాల సాక్ష్య చట్టం చెప్పినట్టు ధ్రువీకరణ ఉండాలి. అది కంప్యూటర్ ప్రింటవుటైతే ఎలక్ట్రానిక్ రికార్డుకు విడిగా సర్టిఫికెట్ కావాలి. పాత సాక్ష్య చట్టంలో 65బి, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో 63. ఆ సర్టిఫికెట్ లేకపోతే ప్రింటవుటు చెల్లదని 2014లో అన్వర్ కేసు తేల్చింది, 2020లో అర్జున్ పండిత్‌రావు కేసు దాన్ని గట్టిపరిచింది. కొత్త చట్టంలో సర్టిఫికెట్‌కు రెండు భాగాలున్నాయి. రెండోదాని మీద నిపుణుడు సంతకం పెట్టాలి, ఫైలు హ్యాష్ విలువ, అంటే ఆ ఫైలు మారలేదని చూపే వేలిముద్రలాంటి సంఖ్య రాయాలి.

ఇంతవరకూ తేలింది ఒక్కటే, బ్యాంకు ఆ రసీదు ఇవ్వలేదని. మరి ఎవరు తయారుచేశారు? ఏ కంప్యూటర్‌లో? దాన్ని ఆడిటర్ చేతికి ఎవరిచ్చారు? ఆడిటర్ బ్యాంకును నేరుగా ఎందుకు అడగలేదు? ప్రతి ప్రశ్నకూ ఒక సాక్షి, ఒక కాగితం కావాలి. సత్యం కేసులో దొంగ ఇన్వాయిస్‌లను కంపెనీ సొంత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లోనే ‘సూపర్ యూజర్’ లాగిన్‌తో సృష్టించి మిగతా ఉద్యోగులకు కనబడకుండా దాచారన్నది సీబీఐ వాదన. ఆ సాఫ్ట్‌వేర్ ఎలా నడుస్తుందో ప్రాసిక్యూటర్‌కు ముందు తెలియాలి. తర్వాత కంప్యూటర్ ముట్టని సాక్షికి కూడా అర్థమయ్యే ప్రశ్నగా దాన్ని మార్చగలగాలి. ఆ కేసులో 226 మంది సాక్షులను విచారించారు, సుమారు 3,000 పత్రాలు సాక్ష్యంగా నమోదై ‘మార్క్’ అయ్యాయి. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పదిమందికీ ఏడేళ్ల చొప్పున జైలు విధించింది. మరుసటి నెలలోనే అప్పీలు కోర్టు ఆ శిక్షలను నిలిపివేసి బెయిలిచ్చింది.

ఈ కేసు తేదీల్లో మరో పాఠం ఉంది. అరెస్టు 2009 జనవరి 9న. సీబీఐ చేతికి ఫిబ్రవరిలో వచ్చింది. తొలి చార్జిషీటు ఏప్రిల్ 7న పడింది. మధ్యలో ఉన్నది తొంభై రోజులకు ఒకటి రెండు రోజులు తక్కువ. ఇది కాకతాళీయం కాదు. గడువులోగా చార్జిషీటు వేయకపోతే నిందితుడికి బెయిలు హక్కుగా వస్తుంది. పదేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఆ గడువు 90 రోజులు, మిగతావాటిలో 60. గరిష్ఠంగా ఏడేళ్ల శిక్ష ఉండే 318(4) ఒక్కటే పెడితే రెండు నెలలే సమయం. వేల ఖాతాల లావాదేవీలు రెండు నెలల్లో తేలవు. అందుకే ముందు సగం వండిన చార్జిషీటు వేసేసి, తర్వాత అనుబంధ చార్జిషీట్లు వేస్తూ పోతారు. సత్యంలోనూ మూడు దఫాలుగా పడ్డాయి. మొదటిదాంట్లో తొందరపాటున రాసిన వాక్యం ఏళ్ల తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్లో మెడకు చుట్టుకుంటుంది. దాన్ని విప్పుకోవాల్సింది అప్పుడు ఆ గదిలో లేని ప్రాసిక్యూటర్.

ఎప్పుడు రంగంలోకి దిగాలి? మూడు దేశాలు, మూడు జవాబులు

భారత్‌లో దర్యాప్తు వేరు, ప్రాసిక్యూషన్ వేరు. 1973 నాటి సీఆర్‌పీసీ ఈ గోడ కట్టింది. ఉద్దేశం మంచిదే. ప్రాసిక్యూటర్ పోలీసు విభాగంలో భాగమైతే ఏది సాక్ష్యమో ఏది పంతమో తేడా తెలియకుండా పోతుంది. చార్జిషీటు వేయాలా వద్దా అన్నది దర్యాప్తు అధికారి సొంత నిర్ణయమని, ఆ విషయంలో పీపీ సలహా తీసుకోమని కోర్టు ఆదేశించడం కుదరదని సుప్రీంకోర్టు 2000లో ఆర్. సరళ కేసులో చెప్పింది. ఆ కేసు ఆర్థిక నేరానిది కాదు. దాని నీడ మాత్రం వీటిమీద కూడా పడింది. దర్యాప్తు జరుగుతుండగా ఐవో (దర్యాప్తు అధికారి) వచ్చి సందేహం అడిగితే చెప్పే పీపీలు ఉన్నారు, సీబీఐలో న్యాయాధికారుల అభిప్రాయం ఫైలు మీద రాయించుకునే పద్ధతీ ఉంది. కానీ సగటు రాష్ట్ర కేసులో ప్రాసిక్యూటర్ ఫైలు తెరిచేసరికి సాక్షుల జాబితా, సీజ్ చేసిన కాగితాలు అన్నీ ఖరారైపోయి ఉంటాయి. పనికొచ్చే సాక్షిని వదిలేశారని తెలిసినా అప్పటికి చేయగలిగింది తక్కువ.

దక్షిణాఫ్రికా ఇంకో దారి పట్టింది. 1998 చట్టంతో అక్కడ నేషనల్ ప్రాసిక్యూటింగ్ అథారిటీ ఏర్పడింది. మరుసటి ఏడాది ప్రిటోరియాలో కమర్షియల్ నేరాలకు ఒక ప్రత్యేక ప్రాసిక్యూషన్ విభాగం, దానికి జోడుగా ప్రత్యేక కోర్టు పెట్టారు. తర్వాత అది జొహానెస్‌బర్గ్, డర్బన్ తదితర నగరాలకు విస్తరించింది. అక్కడి పద్ధతికి పేరే ‘ప్రాసిక్యూటర్ దారి చూపే దర్యాప్తు’. ఫిర్యాదు అందిన తొలి వారాల్లోనే పోలీసు అధికారి, ప్రాసిక్యూటర్ కలిసి కూర్చుంటారు. ఏ నేరం కింద వెళ్లాలి, దానికి ఏ అంశాలు రుజువు కావాలి, ఏ బ్యాంకుకు ఏ రికార్డు కోసం అక్కడి క్రిమినల్ ప్రొసీజర్ చట్టం 205వ సెక్షన్ సమన్లు పంపాలి అన్నది అక్కడే రాసుకుంటారు. దర్యాప్తు చేసేది పోలీసే, ప్రాసిక్యూటర్ సోదాకు వెళ్లరు. ఎక్కడ తవ్వాలో మాత్రం చెబుతారు.

అక్కడి బయోడేటా కూడా దీన్ని బట్టే ఉంటుంది. ఎల్ఎల్‌బీ తర్వాత జిల్లా మేజిస్ట్రేట్ కోర్టులో చిన్న కేసులతో మొదలై, రీజనల్ కోర్టుకు, తర్వాత హైకోర్టులో వాదించే హక్కుతో స్టేట్ అడ్వొకేట్‌గా, సీనియర్ స్టేట్ అడ్వొకేట్‌గా ఎదుగుతారు. రీజనల్ కోర్టు 15 ఏళ్ల దాకా శిక్ష వేయగలదు. 5 లక్షల రాండ్లు దాటిన మోసానికి, తగిన కారణం చూపిస్తే తప్ప, 15 ఏళ్లే కనీస శిక్ష. కాబట్టి ఆ స్థాయిలోనే పెద్ద కేసులు చేతికొస్తాయి. ‘కమర్షియల్ క్రైమ్ ప్రాసిక్యూటర్’ అన్నది అక్కడ ఒక వృత్తిమార్గం. మన దగ్గర అదొక కేసుకు దొరికే నియామకం.

ఈ జోడు పద్ధతి ఏం చేయగలదో షబీర్ షేక్ కేసు చూపించింది. డర్బన్ వ్యాపారి షేక్ అప్పటి ఉపాధ్యక్షుడు జాకబ్ జుమాకు ఏళ్ల తరబడి చేసిన చెల్లింపుల మీద నడిచిన కేసు అది. స్కార్పియన్స్ అనే దర్యాప్తు దళం దాన్ని నడిపింది. ప్రాసిక్యూటర్లు, దర్యాప్తు అధికారులు, విశ్లేషకులు ఒకే బృందంగా పనిచేయడం ఆ దళం ప్రత్యేకత. ఫోరెన్సిక్ అకౌంటెంట్లు చెల్లింపులన్నిటినీ ఒక పట్టికగా పేర్చారు, మొత్తం 12 లక్షల రాండ్లు దాటింది. అప్పులనీ స్నేహమనీ డిఫెన్సు వాదించింది. ఆ వాదనను దెబ్బతీసిన ఆధారాల్లో ఒకటి ఒక ఫ్రెంచి ఆయుధ కంపెనీ ప్రతినిధి పంపిన ఎన్‌క్రిప్టెడ్ ఫ్యాక్స్. చేతిరాతలో ఉన్న దాని చిత్తుప్రతి దొరికింది. టైపు చేసిన సెక్రటరీ కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పారు. పట్టికలో అంకెలు ఎంతిచ్చారో చెప్పాయి, ఆ కాగితం ఎందుకో చెప్పింది. 2005లో డర్బన్ హైకోర్టు షేక్‌కు 15 ఏళ్ల జైలు వేసింది, పై కోర్టులు కూడా సమర్థించాయి. ఆ విజయం దళాన్ని కాపాడలేదు. 2008లో పార్లమెంటు చట్టం చేసి 2009కల్లా స్కార్పియన్స్‌ను రద్దుచేసింది. ఏళ్లుగా కలిసి పనిచేసిన బృందం చెల్లాచెదురైంది. దర్యాప్తు మళ్లీ పోలీసుల కిందికి వెళ్లింది.

బ్రిటన్ గోడనే తీసేసింది. 1986 నాటి రోస్కిల్ కమిటీ నివేదిక ఫలితంగా, 1987 చట్టంతో పుట్టిన సీరియస్ ఫ్రాడ్ ఆఫీస్ 1988 ఏప్రిల్ నుంచి పనిచేస్తోంది. లాయర్లు, అకౌంటెంట్లు, దర్యాప్తు అధికారులు ఒకే గొడుగు కింద ఉంటారు. దర్యాప్తూ వాళ్లదే, ప్రాసిక్యూషనూ వాళ్లదే. కోర్టులో వాదించడానికి మాత్రం బయటి బారిస్టర్లను పెట్టుకుంటారు. రోస్కిల్ కమిటీ ఇంకో సిఫార్సు కూడా చేసింది. క్లిష్టమైన మోసాల కేసుల్లో జ్యూరీ వద్దని. అది ఇప్పటికీ అమలు కాలేదు. అందుకే అక్కడి ప్రాసిక్యూటర్‌కు డెరివేటివ్‌ల లెక్కను పన్నెండు మంది సామాన్యులకు అర్థమయ్యేలా చెప్పడం కూడా అర్హతే.

అన్నీ చెప్పాలన్న మోజు

కుప్పలుగా కాగితాలు పోగైన కేసులో కొత్త ప్రాసిక్యూటర్‌కూ ఆరితేరినవాళ్లకూ తేడా కనిపించేది వదిలేయడంలో. 300 అనుమానాస్పద లావాదేవీలు దొరికితే మూడొందలూ నిరూపించాలని చూస్తే కేసు పదేళ్లు పడుతుంది. ఆలోపు సాక్షులు రిటైరవుతారు, బ్యాంకు శాఖలు విలీనమవుతాయి, ఐవోలు నలుగురు మారతారు. కాగితాలు బలంగా ఉన్న, సాక్షులు అందుబాటులో ఉన్న పన్నెండింటిని ఎంచుకుని, మిగతావాటిని ఒకే తీరు నడవడికకు ఉదాహరణగా చూపి ఊరుకోవడం నేర్పరి పని. ఇలా కత్తెర పట్టడానికి ధైర్యం కావాలి, ఎందుకంటే వదిలేసిన ప్రతి లావాదేవీ వెనక ఒక ఫిర్యాదుదారు ఉంటారు. ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు తమ డబ్బే మొత్తం కేసు.

కత్తెర పడని కేసు ఎలా ముగుస్తుందో 2జీ టెలికం స్పెక్ట్రమ్ కేటాయింపుల కేసు తీర్పు చెబుతుంది. 2017 డిసెంబరులో ఢిల్లీ ప్రత్యేక కోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా ప్రకటించింది. మొదట ఎంతో ఉత్సాహంగా మొదలైన ప్రాసిక్యూషన్ పోనుపోను జాగ్రత్త పడే ధోరణిలోకి జారిందని, చివరికి దిక్కు తోచని స్థితికి చేరిందని జడ్జి రాశారు. కోర్టుకిచ్చిన రాతపూర్వక వాదనల మీద సంతకం పెట్టడానికి కూడా బాధ్యులు ముందుకు రాలేదన్నది ఆ తీర్పులో అందరూ గుర్తుపెట్టుకున్న మాట. దానిమీద సీబీఐ వేసిన అప్పీలును ఢిల్లీ హైకోర్టు 2024 మార్చిలో విచారణకు తీసుకుంది, కాబట్టి నేరం జరిగిందా లేదా అన్న చర్చ ఇక్కడ అనవసరం. సంతకం సంగతి మాత్రం ఆలోచించాల్సిందే. కేసును తనదనుకునే ప్రాసిక్యూటర్ ఒక్కరు ఉంటే ఆ కాగితం సంతకం లేకుండా జడ్జి బల్ల మీదికి చేరేది కాదు.

అవతలివాళ్లకు పనికొచ్చే కాగితం

ప్రాసిక్యూటర్ పని ఎలాగైనా శిక్ష వేయించడం కాదని సుప్రీంకోర్టు 1999లో శివకుమార్ కేసులో గట్టిగానే చెప్పింది. నిందితుడికి మేలు చేసే ఆధారం తన దగ్గరుంటే దాన్ని కోర్టు ముందు పెట్టడం ఆయన బాధ్యత. ఆర్థిక నేరాల్లో ఇది మాటల్లో చెప్పినంత తేలిక కాదు. కంపెనీ సర్వర్లనే ఎత్తుకొచ్చాక, అందులోని లక్షల ఈమెయిళ్లలో నిందితుడిని కాపాడేది ఏదో ముందు వెతకాలిగా. రోల్స్‌రాయిస్ లంచాల దర్యాప్తులో బ్రిటన్ సీరియస్ ఫ్రాడ్ ఆఫీస్ చూడాల్సి వచ్చిన పత్రాలు సుమారు 3 కోట్లు. వాటిని వడపోయడానికి కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్ వాడారు. 2017లో ఆ కంపెనీ 49.7 కోట్ల పౌండ్లు కట్టడానికి ఒప్పుకుని విచారణ తప్పించుకుంది.

అదే సంస్థ ఇదే మెట్టు దగ్గర జారిపడింది కూడా. సెర్కో కంపెనీ మాజీ అధికారుల మీద కేసు 2021లో, జీ4ఎస్ మాజీ అధికారుల మీద కేసు 2023లో కుప్పకూలాయి. మొదటిదాంట్లో డిఫెన్సుకు ఇవ్వాల్సిన పత్రాలు ఇవ్వలేదని విచారణ మధ్యలో తేలింది, రెండోదాంట్లోనూ ఆ పత్రాల పనే తెమలలేదు. దర్యాప్తు, ప్రాసిక్యూషన్ ఒకే ఇంట్లో ఉంటే ఇలాంటివి జరగవని రోస్కిల్ పద్ధతిని మెచ్చుకునేవాళ్లు అనుకునేవారు. గోడ లేకపోవడం వల్ల ఫైలు చేతులు మారే బెడద తప్పుతుంది, నిజమే. కానీ సొంత దర్యాప్తును బయటివాడి కళ్లతో చూసే మనిషి కూడా తప్పిపోతాడు. మన దగ్గర చార్జిషీటులో వాడుకోని పత్రాల జాబితాను కూడా నిందితుడికి ఇవ్వాలని సుప్రీంకోర్టు 2021లో మార్గదర్శకాలిచ్చింది. ఆ జాబితా తయారుచేయాల్సింది ఐవో. అందులో ఏముందో చార్జిషీటుకు ముందే చదివిన ప్రాసిక్యూటర్లు ఎందరుంటారన్నది వేరే సంగతి.

శాతాలు ఏం చెబుతాయి?

అనుభవజ్ఞులైన ప్రాసిక్యూటర్ల పరిచయంలో శిక్షల శాతం ఒకటి తప్పనిసరిగా కనిపిస్తుంది. దక్షిణాఫ్రికా కమర్షియల్ నేరాల విభాగం లెక్కల్లో అది 90 దాటి ఉండటం మామూలు. ఆ అంకె అబద్ధం కాదు, అది చెప్పేది మాత్రం వేరు. అక్కడ ఏ కేసును కోర్టుకు తీసుకెళ్లాలో ప్రాసిక్యూటర్లే నిర్ణయిస్తారు, బలహీనమైనవి గడప దాటవు. నిందితుడితో రాతపూర్వక ఒప్పందం కుదుర్చుకుని నేరం ఒప్పించే వీలు అక్కడి చట్టంలోని 105ఏ సెక్షన్ ఇస్తుంది, ఆ కేసులూ శిక్షల ఖాతాలోనే పడతాయి. చిన్న ఉద్యోగి చేసిన కాజేత, వేల కోట్ల కంపెనీ కేసు రెండూ పట్టికలో ఒక్కో గీతే. మన పీపీకి ఆ వడపోత అవకాశం దాదాపు లేదు, చార్జిషీటు వేసిన కేసులను సాధారణంగా వాదించాల్సిందే. ఈ రెండు శాతాలను పక్కపక్కన పెట్టి వీళ్లు గొప్ప, వాళ్లు తక్కువ అనడం పొరపాటు.

పరిచయంలో వెతకాల్సినవి వేరే ఉన్నాయి. వాదించిన తీర్పులు అప్పీలులో నిలిచాయా? అకౌంటెంటును నిపుణుడి సాక్షిగా బోనెక్కించి, క్రాస్‌లో ఆయన చెదిరిపోకుండా కాపాడిన కేసులున్నాయా? అప్రూవర్‌గా మారిన మనిషి చెప్పింది వేరే ఆధారంతో బలపరిచారా? విదేశీ బ్యాంకు రికార్డును పరస్పర న్యాయసహాయ ఒప్పందం కింద తెప్పించి కోర్టులో మార్క్ చేయించారా? పోయిన ఆస్తిని జప్తు చేయించి బాధితులకు ఎంతో కొంత తిరిగిప్పించారా? ఈ ప్రశ్నలకు జవాబులు ఉన్న బయోడేటాలో ఏళ్లు పదే ఉన్నా సరిపోతాయి. కొందరు ఫోరెన్సిక్ అకౌంటింగ్ డిప్లొమాలో, మోసాల పరిశోధన సర్టిఫికెట్లో అదనంగా తెచ్చుకుంటారు. లెడ్జర్ భయం పోవడానికి అవి పనికొస్తాయి. బ్యాంకు మేనేజర్‌ను ఏ వరుసలో ప్రశ్నించాలో అవి నేర్పవు.

కొత్త చట్టంలో తెరిచిన కిటికీ

నాగరిక సురక్షా సంహిత 20వ సెక్షన్ ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్‌కు మెట్లు కట్టింది. ఏడేళ్ల నుంచి పదేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో పోలీసు నివేదికను పరిశీలించి, లోతుగా తరచి చూసే బాధ్యత డిప్యూటీ డైరెక్టర్లకు అప్పగించింది. ఏడేళ్ల శిక్ష ఉన్న 318(4) మోసం కేసులు సరిగ్గా ఈ గంపలో పడతాయి. చార్జిషీటును ప్రాసిక్యూటర్ కన్ను తడమాలన్న మాట చట్టంలో ఇంత నేరుగా రావడం గమనించదగ్గ మార్పు. ఆ పరిశీలన చార్జిషీటు కోర్టుకు చేరేముందా, చేరాకా అన్నది ఆ సెక్షన్ విడమరచి చెప్పలేదు. ముందే జరిగితే దక్షిణాఫ్రికా పద్ధతికి సగం దూరం వెళ్లినట్టు. తర్వాత జరిగితే పాత ఫైలుకు కొత్త స్టాంపు.

అదే సెక్షన్లో ఇంకో ఖాళీ ఉంది. పదేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాలు డైరెక్టర్ చేతిలో ఉంటాయి. బ్యాంకరు లేదా ప్రభుత్వోద్యోగి చేసిన నమ్మకద్రోహం వీటిలోకే వస్తుంది, దానికి యావజ్జీవం దాకా శిక్ష ఉంది. ఇక్కడ డైరెక్టర్ పని కేసులను పర్యవేక్షించడం, త్వరపెట్టడం, అప్పీళ్ల మీద అభిప్రాయం చెప్పడం. పోలీసు నివేదికను పరిశీలించాలన్న మాట ఈ గంపకు రాయలేదు. మనీలాండరింగ్ ఫిర్యాదులు, కంపెనీల చట్టం 447 కింద సీరియస్ ఫ్రాడ్ దర్యాప్తు కార్యాలయం నడిపే కేసులు కేంద్ర సంస్థలవి, వాటి ప్రాసిక్యూటర్లను ఆయా చట్టాల కింద కేంద్రం నియమించుకుంటుంది. పరిశీలన బాధ్యతను చట్టం మాటల్లో రాసింది మధ్యస్థాయి మోసాలకు. కాగితాలు గదులు నింపే కేసుల్లో స్పెషల్ పీపీ నియామకపు ఉత్తర్వు ఇప్పటికీ ఎక్కువగా చార్జిషీటు పడ్డాకే వస్తోంది.